కుటుంబపు కారుకు ఎంత ఇంజను కావలెను?

2025 వేసవిలో ఒకనాటి సాయంకాలము నా పూర్వ విద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. అతడు ఇప్పుడు హైదరాబాదు హైటెక్ సిటీ ప్రాంతములో ఒక సాఫ్టువేరు సంస్థలో పని చేయుచున్నాడు. చేతిలో రెండు కంపెనీల కారు పుస్తకములున్నవి. కుశలప్రశ్నలు కాగానే వానిని నా ముందు పరచి, "సార్, మీరు మాకు ఫిజిక్సు చెప్పారు కదా. ఈ రెండిట్లో ఏ ఇంజను మంచిదో మీరే చెప్పండి. ఒకదానికి 82 హార్స్ పవరు, ఇంకోదానికి 90. ఎనిమిది ఎక్కువ ఉన్నదే తీసుకోమంటున్నారు అంతా" అనెను.

"నీ కారు ఏ పని చేయాలి?" అని నేనడిగితిని.

ఈ ప్రశ్నకు అతని వద్ద జవాబు లేదు. అది అతని లోపము కాదు. అమ్మువారు అడుగరు, కొనువారు తలంపరు. కాని భౌతికశాస్త్రము చదువుకొన్నవాడు పని యెంతయో తెలియక యంత్రమును ఎన్నుకొనరాదు. నాటి సాయంకాలము మేమిద్దరము కాగితముపై వేసిన లెక్కలనే ఇచ్చట వివరించుచున్నాను. ఇందులో పదవ తరగతి విద్యార్థికి అందని గణితము లేదు. కొన్ని కార్ల పేర్లు ఉదాహరణమునకు మాత్రమే వచ్చును. ఇది ఏ కంపెనీకిని సిఫారసు కాదు.

త్రోవ ఎట్టిది?

మొదట దారిని చూతము. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించునాటికి మాదాపూరు చుట్టుప్రక్కల నున్నవి ఎక్కువగా నల్లరాతి గుట్టలే. ఆ గుట్టల మధ్యనే నేటి రోడ్లు సాగినవి. అందువలన ఈ ప్రాంతమున చదునైన దారి తక్కువ. ఎక్కుటయో దిగుటయో తప్పదు. దానిపై ఫ్లైఓవర్లు వచ్చినవి. 2020 సెప్టెంబరు 25న దుర్గం చెరువుపై తీగల వంతెన తెరచిరి. వీటి వెలుపల నగరమును చుట్టుకొని 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఉన్నది. ఒకవైపు అంగుళమంగుళముగా ప్రాకు వాహనముల బారు, మరియొకవైపు గంటకు నూరు కిలోమీటర్ల వేగము. ఒకే కారు ఈ రెంటిని ఎదుర్కొనవలెను.

నా విద్యార్థి కాపురము మియాపూరు, కార్యాలయము గచ్చిబౌలి. రాకపోకలకు దినమునకు 25 కిలోమీటర్లు, నెలకు 22 దినములు. అనగా 550 కిలోమీటర్లు. నెలకొక పర్యాయము సూర్యాపేట దగ్గర నున్న స్వగ్రామమునకు పోయి వచ్చుటకు మరి 300. మొత్తము నెలకు 850, ఏడాదికి సుమారు 10,000 కిలోమీటర్లు. కారులో తాను, భార్య, వృద్ధులైన తలిదండ్రులు, ఏడాది పాప. ఇది సమస్య. ఇక లెక్కకు వత్తము.

కదలుటకు కావలసిన శక్తి

చదునైన దారిపై సమవేగముతో పోవు కారును రెండు బలములు ఎదిరించును. మొదటిది చక్రములు రోడ్డుపై దొర్లునప్పటి ఘర్షణ. ఇది కారు బరువులో నూటికి ఒకటింబావు వంతు లోపుగా ఉండును. వేగముతో అంతగా మారదు. మనుష్యులతో కలిపి కారు 1,200 కిలోగ్రాములనుకొన్నచో ఈ బలము సుమారు 140 న్యూటన్లు. రెండవది గాలి నిరోధము. ఇది వేగము యొక్క వర్గముతో పెరుగును. చిన్న సెడానుకు ఇది గంటకు 20 కిలోమీటర్ల వేగమున పదకొండు న్యూటన్లు మాత్రమే. 80 వద్ద 180కి పైగా. 100 వద్ద 280కి పైగా ఉండును.

బలమును వేగముచే గుణించినచో సామర్థ్యము వచ్చునని మనకు తెలియును. ఆ ప్రకారము గుణించి చూడగా మాకు వచ్చిన ఫలితములివి. గంటకు 20 కిలోమీటర్ల వేగమునకు 0.85 కిలోవాటు, 80కి 7 కిలోవాట్లు, 100కు 12 కిలోవాట్లు, 120కి 18 కిలోవాట్లు.

పుస్తకములోని ఇంజను 82 మెట్రిక్ అశ్వశక్తులది. ఒక మెట్రిక్ అశ్వశక్తి 735.5 వాట్లు గనుక ఇది 60 కిలోవాట్లు. నూరు కిలోమీటర్ల వేగముతో ఔటర్ రింగు రోడ్డుపై పోవునప్పుడు సహితము ఇందులో ఐదవ వంతు మాత్రమే వాడుకలో నుండును. మియాపూరు దారిలో బారులు తీరి పోవునప్పుడు డెబ్బదవ వంతు! ఎండలో ఏ.సి. కంప్రెసరు ఒకటి నుండి మూడు కిలోవాట్ల వరకు లాగుకొనును. అనగా వాహనముల రద్దీలో కారును ముందుకు నడుపుటకంటె లోనివారిని చల్లబరచుటకే ఇంజను ఎక్కువ శ్రమపడుచున్నది. ఇది వినగానే మా వాడు పకపక నవ్వి, "అంటే నేను కారు కాదు సార్, కదిలే ఏ.సి. కొంటున్నా" అనెను.

ఇక ఫ్లైఓవరు ఎక్కుట. ఇరువది మీటర్లకు ఒక మీటరు లేచు వాలును తీసికొందము. బరువులో ఇరువదవ వంతు, అనగా సుమారు 590 న్యూటన్లు, కారును వెనుకకు లాగును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో ఎక్కుటకు, తక్కిన నిరోధములతో కలిపి, తొమ్మిది కిలోవాట్లకు లోపే చాలును.

మిగిలిన గుఱ్ఱములు ఎందుకు?

అట్లయిన 60 కిలోవాట్లు వృథాయేనా? కాదు. అవి వేగమును నిలుపుటకు కాదు, పెంచుటకు.

సూర్యాపేట దారి, అనగా 65వ జాతీయ రహదారిపై, గంటకు 60 కిలోమీటర్లతో పోవు లారీ వెనుక మన కారున్నదనుకొందము. దానిని దాటుటకు ఎనిమిది సెకనులలో 100కు చేరవలెను. గతిజ శక్తి ద్రవ్యరాశిలో సగమును వేగవర్గముచే గుణించిన లబ్ధము గదా! 1,200 కిలోగ్రాములకు ఈ రెండు వేగముల మధ్య గతిజ శక్తి భేదము సుమారు 2,96,000 జౌళ్లు. ఎనిమిది సెకనులకు పంచినచో 37 కిలోవాట్లు. ఘర్షణ, గాలి కలిపి 45కు మించును. ఇచ్చట 60 కిలోవాట్ల ఇంజనుకు తగిన పని దొరికినది. ఇచ్చటనే 40 కిలోవాట్ల ఇంజను చేతులెత్తివేయును. దాటుటకు పట్టు కాలము పెరుగును. ఆ అదనపు సెకనులలోనే ప్రమాదము పొంచి యుండును. కావున కుటుంబముతో రహదారిపై పోవు కారుకు ఈ మాత్రపు నిలువ అవసరమే. అయితే 82కు బదులు 90 ఉండుట వలన ఈ ఎనిమిది సెకనులలో కలుగు లాభము సెకనులో కొద్ది భాగము మాత్రమే. రహదారిపై సహనముగల చేయి దానికంటె ఎక్కువ ఆదా చేయగలదు.

ఇంకొక సంగతి. పుస్తకమున ముద్రించిన అశ్వశక్తి ఒకే ఒక వేగమున లభించునది. 2024లో వచ్చిన మారుతి డిజైర్‌కు 82 అశ్వశక్తులు నిమిషమునకు 5,700 పరిభ్రమణముల వద్దను, సుమారు 112 న్యూటన్-మీటర్ల టార్కు 4,300 వద్దను వచ్చును. అదే ఏట వచ్చిన హోండా అమేజ్‌కు 90 అశ్వశక్తులు 6,000 వద్ద, 110 న్యూటన్-మీటర్లు 4,800 వద్ద. టార్కు అనగా ఇరుసును త్రిప్పుడు బలము. దీనిని కోణీయ వేగముచే గుణించినచో సామర్థ్యము వచ్చును. నగరములో ఎవరును ఇంజనును 6,000 పరిభ్రమణములకు ఎక్కించరు. 1,500 నుండి 2,500 మధ్యనే నడుపుదురు. 2,000 పరిభ్రమణముల వద్ద 90 న్యూటన్-మీటర్లు వచ్చిననుకొన్నను సామర్థ్యము 19 కిలోవాట్లకు దగ్గర అగును. ఫ్లైఓవరుకు కావలసినదానికి అది రెట్టింపు. కాబట్టి నగరవాసి చూడవలసినది శిఖరపు అంకెను కాదు; తాను నిత్యము మసలు తక్కువ పరిభ్రమణములలో ఇంజను ఎట్లు లాగునో నడిపి చూడవలెను.

సిలిండర్లు, హైదరాబాదు గాలి

పై రెండు ఇంజనులును 1.2 లీటర్లవే. అయితే మొదటిదానికి సిలిండర్లు మూడు, రెండవదానికి నాలుగు. "మూడు సిలిండర్లంటే చవకబారు" అని మా వానికి ఎవరో చెప్పిరి. ఇది సరికాదు.

నాలుగు ఘట్టముల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకొక పర్యాయము ఇంధనమును మండించును. నాలుగు సిలిండర్లున్నచో సగము చుట్టున కొక తట్టు, మూడున్నచో మూడింట రెండు వంతుల చుట్టున కొక తట్టు ఇరుసుకు తగులును. కారు నిలిచియుండి ఇంజను నిమిషమునకు 900 చుట్లు తిరుగునప్పుడు మొదటిదానిలో సెకనుకు 30 తట్లు, రెండవదానిలో 22 లేక 23. తట్ల మధ్య ఎడము హెచ్చగుట వలనను, మూడు ముషలకముల కదలిక ఇంజనును ముందు వెనుకలకు ఊపుట వలనను కొంత అదురు తెలియును. దీనికి ప్రతిఫలముగా రాపిడి పొందు భాగములు తగ్గును, బరువు తగ్గును, ఇంధనము ఆదా అగును. కావున ఇది మంచి చెడుల ప్రశ్న కాదు. నునుపు కావలెనా, పొదుపు కావలెనా యనునదే ప్రశ్న.

హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చట గాలి పీడనము తీరప్రాంతముకంటె నూటికి ఆరు వంతులు తక్కువ. మే నెలలో నలుబది డిగ్రీల వేడికి గాలి మరింత పలుచబడును. 25 డిగ్రీల వేడిలో మచిలీపట్నమున ఇంజను ఒక గ్రుక్కలో పీల్చు ఆక్సిజనులో ఇచ్చట పదవ వంతు తక్కువగా దొరకును. గాలి తగ్గిన మంట తగ్గును. మంట తగ్గిన బలము తగ్గును. టర్బో ఇంజనులో బయటికి పోవు పొగ చిన్న చక్రమును త్రిప్పగా, అది గాలిని కుదించి లోనికి త్రోయును. అందుచే ఈ లోపము చాలవరకు తీరును. కాని దాని వెల హెచ్చు. చదువరి యిదివరకే గ్రహించి యుండును: మనకు నగరములో బలమునకు కొరత లేదు. పదవ వంతు పోయినను పని జరుగును.

పెట్రోలు ఎక్కడికి పోవుచున్నది?

డిజైర్ మాన్యువలు లీటరుకు 24.79 కిలోమీటర్లు ఇచ్చునని ధ్రువపత్రము. కొన్నవారు హైటెక్ సిటీలో పదునైదు మాత్రమే వచ్చుచున్నదని వాపోవుదురు. ఇందు మోసమేమియు లేదు. ధ్రువపత్రపు పరీక్ష ప్రయోగశాలలో రోలర్లపై, నిర్ణీతమైన వేగపట్టిక ప్రకారము జరుగును. మన దారికి ఆ పట్టిక తెలియదు. కొరతయైన పెట్రోలు ఎక్కడ పోయెనో మనమే లెక్క కట్టవచ్చును.

ముందుగా ఇంజను దక్షత. జర్మనీలో నికోలస్ ఆటో 1876లో నిర్మించిన నాలుగు ఘట్టముల ఇంజనే నేటి పెట్రోలు ఇంజనుకు మూలము. సంపీడన నిష్పత్తి పది అయినచో, సిద్ధాంత రీత్యా దానిలో నూటికి అరువది వంతుల ఉష్ణము పనిగా మారవలెను. వాస్తవములో మంచి ఇంజను తనకు అనువైన భారముపై ముప్పదియైదు వంతులకు అటునిటుగా ఇచ్చును. తక్కువ భారముపై ఇరువదికి దిగజారును. ఏలయన అప్పుడు గాలి దారి దాదాపు మూసియుండును; ముక్కు మూసికొని పరుగెత్తువాని వలె, ఊపిరి పీల్చుటకే ఇంజను తన బలములో కొంత వెచ్చించును.

ఇప్పుడు మియాపూరు నుండి గచ్చిబౌలికి పన్నెండున్నర కిలోమీటర్లు. దారి నిరోధము 160 న్యూటన్లు. చేయవలసిన పని 20 లక్షల జౌళ్లు. దక్షత ఇరువది వంతులైనచో కోటి జౌళ్ల ఇంధనము కావలెను. లీటరు పెట్రోలులో 3 కోట్ల 20 లక్షల జౌళ్లుండును గనుక ఇది 0.31 లీటరు. ఇక ఆగుట. గంటకు 40 కిలోమీటర్ల వేగమున కారుకు 74,000 జౌళ్ల గతిజ శక్తి యుండును. బ్రేకు వేయగానే అదంతయు వేడియై పోవును. దానిని మరల సంపాదించుటకు 11 లేక 12 మిల్లీలీటర్లు, అనగా రెండు చిన్న చెంచాల పెట్రోలు కావలెను. ఇరువది పర్యాయములు ఆగినచో 0.23 లీటరు. ఎర్ర దీపముల వద్ద మొత్తము పదునైదు నిమిషములు ఏ.సి.తో నిలిచినచో మరి 0.2 లీటరు. అంతయు కలిపి ముప్పాతిక లీటరు. లీటరుకు పదునారు పదునేడు కిలోమీటర్లు. కదలునప్పటి ఏ.సి. కూడ కలుపుకొన్నచో పదునైదే!

ఇందుండి ఒక నీతి తేలుచున్నది. పోయిన పెట్రోలులో సగమునకు పైగా ఆగుటలోను, నిలుచుటలోనే పోయినది. ముందున్న దీపము ఎర్రగా నున్నదని చూచి దూరమునుండియే కాలు తీసినవాడు, ఇంజను మార్చకయే మైలేజీ పెంచుకొనును.

పెట్రోలా, గ్యాసా?

డీసెలు సంగతి త్వరగా ముగింపవచ్చును. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి ఆరు నియమములు వచ్చుటతో, డీసెలు పొగను శుభ్రపరచు పరికరముల వెల పెరిగినది. మారుతి సంస్థ అప్పుడే డీసెలు కార్లను మానివేసినది. చిన్న సెడానులలో డీసెలు కనుమరుగైనది. మిగిలినవి పెట్రోలు, సి.ఎన్.జి.; అనగా కుదించిన సహజవాయువు.

డిజైర్ సి.ఎన్.జి. కిలోకు 33.73 కిలోమీటర్లు ఇచ్చునని ధ్రువపత్రము. గ్యాసుపై దాని బలము సుమారు 70 అశ్వశక్తులకు తగ్గును. ఏలయన వాయువు సిలిండరులో గాలికి దక్కవలసిన చోటును కొంత ఆక్రమించును. నగరములో ఈ లోటు తెలియదు. లారీని దాటునప్పుడు తెలియును.

ఇక డబ్బు లెక్క. 2024 నవంబరులో విడుదలైననాటి షోరూము ధరలలో పెట్రోలు కారుకును గ్యాసు కారుకును భేదము 95,000 రూపాయలు. లెక్క కొరకు పెట్రోలు లీటరు 107, గ్యాసు కిలో 96 రూపాయలనుకొందము. వాస్తవపు మైలేజీలు 15, 22 అనుకొందము. కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 7 రూపాయల 13 పైసలు. గ్యాసుది 4 రూపాయల 36 పైసలు. ఆదా 2 రూపాయల 77 పైసలు. దీనితో 95,000ను భాగించగా 34,300 కిలోమీటర్లు వచ్చును. ఏడాదికి 10,000 తిరుగు మా వానికి మూడేండ్ల ఐదు నెలలకు పెట్టుబడి తిరిగివచ్చును. అదే మనుష్యుడు ఉద్యోగమునకు మెట్రోలోనో, సంస్థ బస్సులోనో పోయి, కారును ఊరి ప్రయాణమునకే ఉంచుకొన్నచో ఏడాదికి 3,600 కిలోమీటర్లే అగును. అప్పుడు తొమ్మిదిన్నర ఏండ్లు పట్టును. కారు అదే, ఇంధనము అదే. వాడుక మారగానే జవాబు తారుమారైనది. ధరలు మారినప్పుడు చదువరులు తమ అంకెలు వేసికొని ఈ భాగహారము మరల చేయవలెను.

"కానీ సార్, డిక్కీలో సిలిండరు ఉంటే మా అమ్మ పంపే బియ్యం మూటలు ఎక్కడ పెట్టను?" అని మా వాడు అడిగెను. ఇదియు శాస్త్రీయమైన ప్రశ్నయే. గ్యాసును ఎంత కుదించినను అది అంతే శక్తిగల పెట్రోలుకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. టాటా సంస్థ 2023లో టిగోర్ కారులో ఒక పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్నవానిని డిక్కీ అడుగున అమర్చి ఈ చిక్కును కొంత తీర్చినది.

ఎడమకాలి బాధ

బారులు తీరిన వాహనములలో గేరు మార్చుటకు నూర్ల పర్యాయములు క్లచ్చి త్రొక్కవలసియుండును. మోకాళ్ల నొప్పి మా వానికి ముప్పది ఏండ్లు నిండకుండగనే మొదలైనది. దీనికి మందు ఆటోమేటిక్ గేరు. ఈ రెండు కార్లలో అది రెండు విధములు. ఒకటి ఏ.ఎమ్.టి. ఇందు మామూలు గేరుపెట్టెయే యుండును. క్లచ్చిని, గేరును మనకు బదులు ఒక చిన్న యంత్రము మార్చును. వెల తక్కువ, విడుదలనాటి ధరలలో డిజైర్‌కు 45,000 రూపాయల భేదమే. ధ్రువపత్రము ప్రకారము లీటరుకు 25.71 కిలోమీటర్లు, మాన్యువలు కంటె ఎక్కువ. గేరు మారునప్పుడు బలము ఒక క్షణము ఆగుటచే చిన్న కుదుపు కలుగును. రెండవది సి.వి.టి. ఇందు గేర్లకు బదులు రెండు కప్పీలు, వాని నడుమ ఒక పట్టీ ఉండును. కప్పీల వ్యాసము ఎడతెగక మారుట వలన కుదుపే తెలియదు. అమేజ్‌లో నున్నది ఇదియే. వెల హెచ్చు.

వేరియంటుల నిచ్చెన

ఇంతవరకు ఇంజను. ఇక అదే ఇంజనుపై కంపెనీవారు కట్టిన నిచ్చెనను చూతము. మన చిన్న సెడానుల తోక కత్తిరించినట్లుండుట ఏల? 2006 కేంద్ర బడ్జెటులో నాలుగు మీటర్లు మించని పొడవు, 1,200 ఘన సెంటీమీటర్లు మించని పెట్రోలు ఇంజను గల కార్లకు సుంకము తగ్గించిరి. 2008లో 4,160 మిల్లీమీటర్ల పొడవుతో వచ్చిన డిజైర్ 2012లో 3,995కు కుదించుకొని పోయినది. 2025 సెప్టెంబరు 22 నుండి ఈ హద్దు లోపలి పెట్రోలు కార్లకు జి.ఎస్.టి. 18 శాతము, మించినవానికి 40 శాతము. మన ఇంజను పరిమాణమును శాస్త్రముతోబాటు శాసనము కూడ నిర్ణయించినదన్నమాట.

విడుదలనాటి మాన్యువలు డిజైర్ మెట్లు ఇవి: ఎల్.ఎక్స్.ఐ. 6 లక్షల 79 వేలు, వి.ఎక్స్.ఐ. 7 లక్షల 79 వేలు, జెడ్.ఎక్స్.ఐ. 8 లక్షల 89 వేలు, జెడ్.ఎక్స్.ఐ. ప్లస్ 9 లక్షల 69 వేలు. మొదటి మెట్టుకు, చివరి మెట్టుకు దాదాపు మూడు లక్షల భేదము. ఇంజను ఒకటియే! అదిగాక, ధర పెరిగిన కొలది దానిపై లెక్కించు రోడ్డు పన్ను, బీమా, అప్పుపై వడ్డీ కూడ పెరుగును. పై మెట్టు నిజమైన వెల పుస్తకములోని భేదముకంటె ఎల్లప్పుడు ఎక్కువే.

మెట్లను పోల్చుటకు నేనొక సులభసూత్రము చెప్పితిని. ఒక కాగితముపై మూడు గళ్లు గీయవలెను. మొదటి గడిలో ప్రాణమును కాపాడునవి: ఎయిర్‌బ్యాగులు, బ్రేకు వేసినప్పుడు చక్రములు బిగుసుకొనకుండ చేయు ఏ.బి.ఎస్., జారునప్పుడు కారును దారిలో నిలుపు ఇ.ఎస్.పి., అందరికి మూడు బిందువుల బెల్టులు, పిల్లల సీటును బిగించు ఐసోఫిక్స్ కొక్కెములు. రెండవ గడిలో శరీరమునకు నిత్యము ఉపయోగపడి, తరువాత బయట అమర్చుటకు వీలులేనివి: ఆటోమేటిక్ గేరు, వెనుక సీట్లవారికి చల్లగాలి. మూడవ గడిలో కంటికి ఇంపైనవి, లేదా తరువాత కొనదగినవి: సన్‌రూఫ్, పెద్ద తెర, మెరుగు చక్రములు. మొదటి గడి నిండనిదే రెండవదానికి, రెండవది నిండనిదే మూడవదానికి పోరాదు.

ఈ డిజైర్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు, ఇ.ఎస్.పి. అన్ని మెట్లకును ఉన్నవి. 2024 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దీనికి పెద్దల రక్షణకు ఐదు నక్షత్రములు, పిల్లల రక్షణకు నాలుగు లభించినవి. కాని అన్ని కార్లలో, ముఖ్యముగా పాత కార్లలో, ఇట్లుండదు. ముందు సీట్ల రెండింటికి ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి యగుట 2021 ఏప్రిల్ 1 నుండి క్రొత్త మోడళ్లతో ఆరంభమైనది. అంతకుముందు తయారై నేడు చవుకగా అమ్ముడుపోవు కార్లలో పై మెట్టు కొన్నవానికే రక్షణ దక్కినది కలదు. పాత కారు కొనువారు మొదటి గడిని మరింత శ్రద్ధగా నింపవలెను.

తల్లి ఒడి చాలునా?

"పాప ఎప్పుడూ వాళ్లమ్మ ఒళ్లోనే కూర్చుంటుంది సార్. వేరే సీటు ఎందుకు?" అని అతడనెను. నేను మాటాడక కలము అతని చేతికిచ్చితిని. పాప పది కిలోగ్రాములు. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగమున గోడకు తగిలినదనుకొందము. ముందుభాగము నలుగుట, బెల్టు సాగుట కలిపి అరవై సెంటీమీటర్లలో లోనివారు నిలుతురు. వేగవర్గమును దూరమునకు రెట్టింపుచే భాగించగా త్వరణము వచ్చును. అది గురుత్వ త్వరణమునకు పదునారు రెట్లు. పది కిలోల పాపను పట్టి యుంచుటకు నూట అరువది కిలోల బరువును ఎత్తునంత బలము, సెకనులో పదవ వంతు కాలము లోపల, తల్లి చేతులలో పుట్టవలెను. ఏ తల్లి ప్రేమకును అది సాధ్యము కాదు.

అతడు చాలసేపు ఆ అంకె వంకనే చూచెను. నవ్వు మాయమైనది.

రక్షణ పరికరములకును హద్దులున్నవి. 2019 నవంబరులో గచ్చిబౌలి చెంత బయోడైవర్సిటీ కూడలిలో క్రొత్తగా తెరచిన ఫ్లైఓవరు నుండి మితిమీరిన వేగముతో వచ్చిన కారు క్రిందికి దూకి, క్రిందనున్న ఒక మహిళ ప్రాణమును బలిగొన్నది. వంపులో కావలసిన కేంద్రాభిముఖ బలము వేగవర్గముతో పెరుగును. వేగము రెట్టింపైన బలము నాలుగింతలు కావలెను. టైరుకు, రోడ్డుకు నడుమ ఘర్షణ అంత బలమును ఈయలేనప్పుడు ఏ వేరియంటులోని ఏ పరికరమును కారును దారిలో నిలుపజాలదు.

నిర్ణయము

మా వాడు వచ్చునప్పటికి జెడ్.ఎక్స్.ఐ. ప్లస్ మాన్యువలు చుట్టును ఎర్ర సిరాతో గీత గీసియుండెను. అది సన్‌రూఫ్ గల మెట్టు. వెళ్లునప్పటికి గీత రెండు మెట్లు దిగి వి.ఎక్స్.ఐ. ఏ.ఎమ్.టి. చుట్టు చేరెను. ఆ మెట్టులో అతని మోకాలికి విశ్రాంతి, వెనుక సీటులోని తలిదండ్రులకు చల్లగాలి ఉన్నవి. విడుదల ధరలలో ఈ రెంటికి భేదము 1 లక్ష 45 వేలు. అందులో కొద్ది భాగముతో పిల్లల సీటు వచ్చును. మిగిలినది అప్పు తగ్గించును. గ్యాసు కారు అతని లెక్కకు లాభమే యైనను, బియ్యపు మూటల కొరకును, ఆటోమేటిక్ గేరు కొరకును దానిని వదలుకొనెను. అది అతని యిష్టము; లాభమెంత వదలుకొనుచున్నాడో తెలిసియే వదలుకొనెను.

మరియొకనికి జవాబు వేరు కావచ్చును. దినమునకు వంద కిలోమీటర్లు తిరుగువానికి గ్యాసు, కుదుపు సహింపని వృద్ధులున్నవారికి నాలుగు సిలిండర్లు, సి.వి.టి. తగును. జవాబు మారును గాని పద్ధతి మారదు: ముందు దారి, పిమ్మట పని, పిమ్మట శక్తి, చివరకు ధర.

ఉపాధ్యాయులకు ఒక మనవి. గతిజ శక్తి, సామర్థ్యము, ఘర్షణ అను పాఠములు చెప్పునప్పుడు విద్యార్థులచే తమ ఇంటి వాహనము లెక్క వేయింపుడు. మోటారు సైకిలైనను సరే, ఆటో యైనను సరే. ఇంటి నుండి బడికి ఎన్ని పర్యాయములు ఆగినదో లెక్కింపుమనుడు. ఆగిన ప్రతిసారి ఎన్ని చెంచాల పెట్రోలు పోయినదో వారే కనుగొందురు. పాప ఒడిలో కూర్చున్న లెక్క మాత్రము తలిదండ్రులకు చూపుమని చెప్పి పంపుడు.